తడిసిన టిక్కీలకు ఎవరు జవాబుదారీ? ఒక మిర్చి లోడు లెక్క

ప్రశ్న: మా వారు పోయిన తరువాత నాలుగేళ్లుగా గుంటూరులో మిర్చి వ్యాపారం నేనే చూసుకుంటున్నాను. దసరాకు ముందు వారంలో కోల్డ్ స్టోరేజీ నుంచి తీయించిన 400 టిక్కీల (గోనె బస్తాల) తేజ రకం మిర్చిని, టిక్కీ 40 కిలోల చొప్పున, ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు ద్వారా కోల్‌కతా పోస్తా బజారుకు పంపాను. సరుకు విలువ 24 లక్షల రూపాయలు, కిరాయి 64,000. లారీ బరంపురం దగ్గర చెడిపోయి రెండు రోజులు ఆగింది. నాకు చెప్పకుండానే సరుకును ఇంకో లారీలోకి మార్చారు. ఊరు చేరాక పండుగ సెలవుల వల్ల మరో మూడు రోజులు దిగుమతి జరగలేదు. తీరా దించితే మూడు టిక్కీలు తక్కువ, 22 టిక్కీలు చెమ్మగిల్లినవి, మొత్తం తూకంలో ఇంకో 90 కిలోల తరుగు. కొన్నవారు 97,500 రూపాయలు కోసుకుని మిగతా పంపారు. ట్రాన్స్‌పోర్ట్ వారిని అడిగితే ఎల్‌ఆర్ (లారీ రసీదు) మీద ‘ఓనర్స్ రిస్క్’ (నష్టం సరుకు యజమానిదే) అని ఉందని, కొన్నవారి గుమాస్తా ఏ అభ్యంతరమూ రాయకుండా సంతకం చేశాడని చెప్పి, పైగా లారీ ఆగిన రోజులకు హాల్టింగ్ కింద 7,500, నేను ఆపిన బాకీ కిరాయి 12,800 వెంటనే కట్టమంటున్నారు. ఈ గొడవలు పడేకంటే సొంత లారీ కొనుక్కోవడం మేలా? – ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంతో పాటు పంపిన ఫొటోలనూ కాగితాలనూ ఒకటికి రెండుసార్లు చూశాను. సొంత లారీ సంగతి చివరన చెబుతాను. ముందు మీరు చేయవలసిన పని ఒకటుంది, దానికి గడువు కూడా ఉంది. రోడ్డు రవాణాకు సంబంధించి 2007లో చేసిన చట్టం 2011 మార్చి 1 నుంచి అమలులో ఉంది. అంతకుముందు 1865 నాటి పాత చట్టమే నడిచేది. ఆ కొత్త చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం, సరుకు పోయినా పాడైనా రవాణాదారు మీద దావా వేయాలంటే అంతకుముందే రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి, ఆ నోటీసు సరుకు బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల లోపల వారికి చేరాలి. లెక్క మొదలయ్యేది సరుకు దిగిన రోజు నుంచి కాదు, మీరు గుంటూరులో బుక్ చేసిన రోజు నుంచి. ఫోనులో ఎన్నిసార్లు మాట్లాడుకున్నా, వాట్సాప్‌లో ఎన్ని ఫొటోలు పంపినా వాటినే నమ్ముకుని కూర్చోకూడదు. ‘చూద్దాం, మాట్లాడదాం, పండుగ వెళ్లనివ్వండి’ అంటూ ఆరు నెలలు గడిపించి ఆ తరువాత చేతులు దులుపుకున్న సందర్భాలను నేను ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు బల్లకు ఇవతల కూర్చుని కళ్లారా చూశాను. కాబట్టి బేరసారాలు ఒకవైపు సాగుతున్నా, నోటీసు మాత్రం ఈ వారంలోనే స్పీడ్ పోస్టులో పంపి, అది చేరినట్టు రుజువు దాచుకోండి.

నోటీసులో కోపతాపాలు అక్కరలేదు. ఎల్‌ఆర్ నంబరు, తేదీ, బయలుదేరిన లారీ నంబరు, మార్చిన లారీ నంబరు, ఎక్కించిన టిక్కీలెన్ని, దిగినవెన్ని, తడిసినవెన్ని, ఏ ధర చొప్పున ఎంత నష్టమన్నది రాసి, ఇన్వాయిస్, ఎల్‌ఆర్, కొన్నవారు పంపిన డెబిట్ నోటు (కోత చీటీ), దిగుమతి నాటి ఫొటోల నకళ్లు జతచేస్తే చాలు.

ఇక ఆ 97,500 రూపాయలనూ ఒకే ముద్దగా అడగవద్దని నా సలహా. అందులో నాలుగు రకాల నష్టాలు కలగలిసి ఉన్నాయి, ఒక్కొక్కదానికి జవాబుదారీ ఒక్కొక్కరు. అన్నిటినీ కలిపి అడిగితే, వాటిలో బలహీనమైనదాన్ని చూపించి బలమైనదాన్ని కూడా కొట్టిపారేస్తారు.

మూడు టిక్కీల లోటు, అంటే 120 కిలోలు, కిలో 150 చొప్పున 18,000 రూపాయలు. ఇది నూటికి నూరుపాళ్లూ రవాణాదారు బాధ్యతే. 400 ఎక్కినట్టు వారి ఎల్‌ఆరే చెబుతోంది. నడిరోడ్డు మీద ఒక లారీ నుంచి ఇంకో లారీకి మార్చినప్పుడు అక్కడ లెక్క ఎవరు రాశారో, ఎవరు సంతకం చేశారో చూపించవలసిన వారు కూడా వారే. ఈ విషయంలో ఒక్క రూపాయి తగ్గవద్దు.

తూకంలో వచ్చిన 90 కిలోల తరుగును, అంటే 13,500 రూపాయలను, రవాణాదారును అడగడం న్యాయం కాదు. 16,000 కిలోల మిర్చిలో ఒక్క శాతం తేమ ఆరిపోతేనే 160 కిలోలు తగ్గుతుంది. అదీ కాక, మీరు పంపిన కాటా చీటీలను చూస్తే గుంటూరులో లోడు లారీని మాత్రమే తూచారు. ఖాళీ లారీ బరువును పుస్తకంలోంచి తీసి రాశారు. లారీ టాంకులో 300 లీటర్ల డీజిల్ ఉంటే దాని బరువే దాదాపు 250 కిలోలు ఉంటుంది. నిండు టాంకుతో ఇక్కడ, అడుగంటిన టాంకుతో అక్కడ తూచి రెండు చీటీలనూ పక్కపక్కన పెడితే ఆ తేడా అంతా మిర్చిదే అనిపిస్తుంది. మీ విషయంలో లారీయే మారిపోయింది కాబట్టి పోల్చడానికి అసలు ఆధారమే లేదు. ఇకమీదట ఖాళీ లారీని, లోడు లారీని ఒకే కాటా మీద, ఒకే రోజున తూచి రెండు చీటీలనూ ఎల్‌ఆర్‌కు కుట్టించండి. దిగేచోట కూడా అలాగే చేయమనండి. ఆరుదల కింద ఎంత శాతం వరకు ఒప్పుకుంటారో కొన్నవారితో బేరం నాడే రాసుకోండి. ఆ రాత లేకపోతే ఎండకు ఆరిన బరువుకు కూడా ప్రతి లోడుకూ మీరే డబ్బు కడుతుంటారు.

తడిసిన 22 టిక్కీల విషయం అన్నిటికంటే చిక్కైనది కనుక కాస్త వివరంగా రాస్తాను. మీ ఫొటోల ప్రకారం 14 టిక్కీలు పైవరసలో, వెనుక తలుపు వైపు ఉన్నాయి. వాటి గోనె మీద అంచు కట్టిన మరకలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఇవి పైనుంచి కారిన వాన నీటి మరకలని చెప్పడానికి నాకు సందేహం లేదు. మిగతా ఎనిమిది మాత్రం లోడు నడిమధ్యలో ఉన్నవి. వాటి పైనున్న టిక్కీలు పొడిగా ఉన్నాయి, వీటికి ఎక్కడా మరక లేదు, కానీ గోనె అంతా ఒకే తీరుగా చెమ్మగిల్లి ఉంది. వాన నీరు పైవరసను వదిలేసి నడుమకు దిగదు కదా. ఇది కోల్డ్ స్టోరేజీ చెమట. చలిలో నెలల తరబడి ఉన్న టిక్కీని బయటి వేడి గాలిలోకి తేగానే, చల్లటి చెంబుకు నీటి బిందువులు పట్టినట్టే, గోనెకూ దాని లోపలి కాయకూ చెమ్మ పడుతుంది. ఆ చెమ్మ ఆరకముందే లారీకెక్కించి మీద టార్పాలిన్ బిగిస్తే, అది బయటికి పోయే దారి లేక నడిమి వరసల్లోనే నిలిచిపోతుంది. అయిదారు రోజుల ప్రయాణం అయ్యేసరికి తొడిమ దగ్గర తెల్లటి బూజు మొదలవుతుంది. మీ లోడును తెల్లవారుజామున కోల్డ్ స్టోరేజీ నుంచి తీసి, పదిగంటలకల్లా ఎక్కించేశారని మీరే రాశారు. కనుక ఈ ఎనిమిది టిక్కీల నష్టం, కొన్నవారు కోసుకున్న టిక్కీకి 3,000 లెక్కన 24,000 రూపాయలు, మీ వైపు జరిగిన పొరపాటే. దాన్ని లారీ మీద మోపకండి.

చలిగది నుంచి తీసిన సరుకును నీడపట్టున, గాలి ఆడే షెడ్డులో, వరసల మధ్య సందు వదిలి పేర్చి, టిక్కీలోకి మోచేతి దాకా చేయి దించితే చల్లదనం తగలని వరకు ఆగాలి. గోనె పైభాగాన్ని తడిమి ఆరిందనుకుంటే పొరపాటే. చలి లోపల దాగి ఉంటుంది. హమాలీల కూలీ రెండుసార్లు పడుతుందని, లారీవాడు ఆగనంటున్నాడని ఈ ఆరబెట్టే పనిని దాటవేసేవారు చాలామంది ఉన్నారు. ఆ తొందర ఖరీదు ఎంతో మీ ఎనిమిది టిక్కీలు చెబుతున్నాయి.

వానకు తడిసిన 14 టిక్కీల నష్టం 42,000 రూపాయలు. ఇది రవాణాదారు భరించవలసినదే. మూడు టిక్కీల లోటుతో కలిపితే మీరు అడగవలసిన మొత్తం 60,000 రూపాయలు అవుతుంది. ఈ అంకెకు నిలబడండి.

వారు చెప్పే మొదటి అడ్డంకి ‘ఓనర్స్ రిస్క్’ అన్న అచ్చు. ఆ రెండు మాటలు దాదాపు ప్రతి ఎల్‌ఆర్ మీదా ఉంటాయి, వాటిని చూసి భయపడి ఊరుకునేవారే ఎక్కువ. రవాణాదారు నిర్లక్ష్యం వల్ల కలిగిన నష్టానికి ఆ మాటల చాటున తప్పించుకోవడం కుదరదని 2000 సంవత్సరంలోనే సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పింది. అంతేకాదు, సరుకు పోయిందనో పాడైందనో దావా వేసినవారు అవతలివారి నిర్లక్ష్యాన్ని రుజువు చేయనక్కరలేదు. దైవికమైన విపత్తు, యుద్ధం, అల్లర్లు, ప్రభుత్వ ఆంక్షల వంటి కారణాలుంటే వాటిని చూపించుకోవలసిన భారం రవాణాదారుదే. చిరుగుల టార్పాలిన్ దైవికం కాదు. అయితే చట్టంలో రవాణాదారుకు ఒక రక్షణ ఉంది, అది మీకు తెలిసి ఉండాలి. బుక్ చేసేటప్పుడు మీరు ఎక్కువ విలువ ప్రకటించి, అందుకు తగిన ఎక్కువ కిరాయికి ఒప్పుకుంటే తప్ప, వారి బాధ్యత కిరాయికి పది రెట్లకు మించదు. మీ కిరాయి 64,000 కాబట్టి ఆ హద్దు 6,40,000 రూపాయలు. ఈసారి మీరు అడిగేది 60,000 కనుక ఇబ్బంది లేదు. కానీ లారీ మొత్తం బోల్తాపడి ఉంటే 24 లక్షల సరుకుకు చేతికొచ్చేది ఆ ఆరు లక్షల నలభై వేలే. ఆ సంగతి తలచుకుంటే బీమా ఎందుకు కావాలో వేరే చెప్పనక్కరలేదు.

రెండో అడ్డంకి, అంటే గుమాస్తా ఏమీ రాయకుండా చేసిన సంతకం, నిజంగానే మీ కేసుకు పెద్ద దెబ్బ. సరుకు రవాణాలో పది తగాదాలు వస్తే అందులో ఏడెనిమిది తేలేది రోడ్డు మీద కాదు, ఎక్కించే గంటలోనూ దించే గంటలోనూ ఎల్‌ఆర్ మీద పడిన రెండు వాక్యాల దగ్గరే అన్నది నా అనుభవం. దిగుమతి చేసుకునేవారు సంతకం పైన ఈ నాలుగు ముక్కలు రాస్తే చాలు: ‘400కు గాను 397 ముట్టినవి, 3 తక్కువ. 22 తడిసి ఉన్నవి, విడిగా ఉంచడమైనది. డ్రైవరు సమక్షంలో లెక్కించడమైనది.’ దాని కింద డ్రైవరు సంతకం, తేదీ, గంట ఉండాలి. మీ గుమాస్తాలతో, కొన్నవారి గుమాస్తాలతో ఈ వాక్యాలను హిందీలోనో బెంగాలీలోనో రాయించి, ప్రతి లోడు కాగితాలతో పాటు ఒక నమూనా చీటీగా పంపండి. ఇప్పటికి మాత్రం మీకున్న ఆసరా, దిగుమతి జరిగిన రోజునే తీసిన ఫొటోలు, అదే రోజు సాయంత్రం కొన్నవారు మీకు పంపిన సందేశం, ఆ మర్నాటి డెబిట్ నోటు. సంతకం అయిన పదిరోజులకు పుట్టుకొచ్చిన ఫిర్యాదు కాదు ఇది. ఆ సందేశాలను ఫోనులోంచి చెరపకుండా, తేదీ కనిపించేలా ప్రింటు తీసి ఉంచండి.

ఇక్కడ నా గతం ఒకటి చెప్పాలి. బెజవాడ ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో బుకింగ్ గుమాస్తాగా చేరిన కొత్తలో అనకాపల్లి బెల్లం లోడు ఒకటి తుపాను వానలో వెళ్లి, టార్పాలిన్‌కు ఉన్న రూపాయి బిళ్లంత చిల్లు వల్ల ఒక మూలంతా పాకమై, చెక్కల సందుల్లోంచి కారిపోయింది. దించుకున్నవారు ఎల్‌ఆర్ మీద ఏమీ రాయలేదు. ఆ రాయకపోవడాన్ని చూపించే మేము ఆ వ్యాపారికి పైసా ఇవ్వలేదు. ఇవ్వలేమని చెప్పిన ఉత్తరం రాసింది నేనే. అది తప్పని అప్పుడే తెలుసు, ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే ఈ సంతకం విషయం ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆ తరువాత నేను అలవాటు చేసుకున్న పరీక్ష ఒకటి ఉంది, మీరూ చేయించండి. సరుకు ఎక్కించే ముందు, పట్టపగలు, ఖాళీ లారీ మీద టార్పాలిన్‌ను పూర్తిగా కప్పించి, మనిషిని లోపల నిలబెట్టి పైకి చూడమనండి. సూదిమొనంత చిల్లున్నా ఆ చీకట్లో చుక్కలా మెరుస్తుంది. ఎన్ని చుక్కలుంటే అన్ని చిల్లులు. తాళ్లు ఒరుసుకునే మూలల దగ్గర, వెనుక తలుపు మీద మడత పడే చోట అవి ఎక్కువగా ఉంటాయి. మీ 14 టిక్కీలు తడిసింది కూడా సరిగ్గా ఆ చోటనే. పది నిమిషాల పని ఇది. చిల్లులుంటే రెండో టార్పాలిన్ వేస్తే తప్ప ఎక్కించేది లేదని చెప్పండి, టార్పాలిన్ ఫొటోను లారీ నంబరు కనిపించేలా తీసి పెట్టుకోండి. అలాగే లారీ అడుగు చెక్కలు తడిగా ఉన్నాయా, అంతకుముందు ఏ సరుకు వేశారన్నదీ చూడాలి. సిమెంటో ఎరువో వేసి కడగని లారీలో మిర్చి ఎక్కించడం మరో తద్దినం.

నడిదారిలో లారీ మార్చడాన్ని పూర్తిగా వద్దనలేం. యంత్రమన్నాక చెడిపోతుంది. మీకు చెప్పకుండా మార్చడమే తప్పు. ‘లారీ మార్చవలసి వస్తే ముందు ఫోను చేయాలి, కొత్త లారీ నంబరూ డ్రైవరు లైసెన్సు ఫొటో పంపాలి, మార్చేటప్పుడు టిక్కీల లెక్క రాసి ఇద్దరు డ్రైవర్లూ సంతకాలు చేయాలి’ అన్న షరతును ఎల్‌ఆర్ మీద చేత్తో రాయించండి. ఇందులోనే ఈ-వే బిల్లు (జీఎస్టీ కింద సరుకు వెంట ఉండవలసిన ఎలక్ట్రానిక్ బిల్లు) సంగతి కూడా ఉంది. లారీ మారినప్పుడు ఆ బిల్లులో వాహనం వివరాలు రాసే ‘పార్ట్ బి’లో కొత్త నంబరు ఎక్కించాకే బండి కదలాలి. మీ సరుకు విషయంలో అది మార్చారో లేదో తెలియదని రాశారు. బిల్లు నంబరుతో పోర్టల్‌లో చూస్తే ఏ రోజు ఏ గంటకు ఏ లారీ నంబరు ఎక్కించారో కనిపిస్తుంది. చూసి, ఆ ప్రింటును కూడా నోటీసుకు జతచేయండి.

ఈ-వే బిల్లు గడువు లెక్క కూడా తెలుసుకోండి. మామూలు సరుకుకు ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఇస్తారు; 2021 జనవరికి ముందు 100 కిలోమీటర్లకే ఒక రోజు ఉండేది. గుంటూరు నుంచి కోల్‌కతా సుమారు 1,250 కిలోమీటర్లు కనుక మీకు ఏడు రోజులు వచ్చి ఉంటాయి. పదో తేదీన పార్ట్ బి నింపితే పదిహేడో తేదీ అర్ధరాత్రితో గడువు తీరుతుంది. మామూలుగా ఇది చాలినంత సమయమే. రెండు రోజుల రిపేరు, మూడు రోజుల పండుగ కలిసేసరికి మీకు చాలకపోయింది. గడువు తీరడానికి ఎనిమిది గంటల ముందు నుంచి, తీరిన ఎనిమిది గంటల తరువాతి వరకు మాత్రమే దాన్ని పొడిగించుకునే వీలుంటుంది. సరుకు ఎవరి చేతిలో ఉందో ఆ రవాణాదారే పొడిగించాలి. అర్ధరాత్రి మీకు ఫోను చేసి పొడిగించామని చెప్పారన్నారు కాబట్టి ఈసారి గండం గడిచింది. తప్పిపోయి తనిఖీలో పట్టుబడి ఉంటే, సరుకు విడిపించుకోవడానికి పన్నుకు రెండింతల జరిమానా కట్టాలి. ఎండుమిర్చికి 5 శాతం జీఎస్టీ లెక్కన 24 లక్షల మీద పన్ను 1,20,000 కనుక జరిమానా 2,40,000 అయ్యేది. లారీ నంబరులో ఒకటి రెండు అంకెలు పొరపాటు పడడం వంటి చిన్న తప్పులకు మాత్రం ఇంత భారం వేయకూడదని, మొత్తం 1,000 రూపాయల జరిమానాతో వదలాలని 2018 సెప్టెంబరులోనే సర్క్యులర్ ఇచ్చారు. డ్రైవరు చేతికి ఇచ్చే కాగితాల్లో ఆ సర్క్యులర్ ప్రతి ఒకటి ఉంచితే తనిఖీలో పనికొస్తుంది.

హాల్టింగ్ డబ్బు 7,500 రూపాయలు మీరు కట్టవలసిందే. దుర్గాపూజ రోజుల్లో పోస్తా బజారులో హమాలీ దొరకడని, కొట్టు తెరవరని మిర్చి వ్యాపారంలో ఉన్నవారికి తెలియనిది కాదు. పంపేముందు కొన్నవారిని అడిగి ఉంటే అయిదు రోజులు ఆలస్యంగా ఎక్కించేవారు. ఆ మూడు రోజులూ డ్రైవరు పరాయి ఊళ్లో, భాష రాని చోట, పండుగకు ఇంటికి చేరలేక, లారీ కిందే వండుకు తిని మీ సరుకుకు కాపలా కాశాడు. ఆ డబ్బు అతనికి చేరాలి. ఆలస్యానికి కొన్నవారికి కూడా బాధ్యత ఉంది కాబట్టి అందులో సగం వారి ఖాతాలో వేయడానికి ప్రయత్నించండి, కానీ దాని కోసం డ్రైవరును ఆపవద్దు. మున్ముందు, లారీ చేరినట్టు చెప్పిన గంట నుంచి ఎన్ని గంటల వరకు ఉచితం, ఆ తరువాత రోజుకు ఎంత, అది ఎవరు కట్టాలి అన్నవి బేరంలోనే తేల్చుకోండి. చేరిన గంటకు రుజువుగా కొట్టు బోర్డు కనిపించేలా డ్రైవరు చేత ఫొటో తీయించండి. పెద్ద నగరాల్లో పగటిపూట భారీ లారీలకు ఆంక్షలుంటాయి కనుక ఊరి పొలిమేరకు చేరడం వేరు, కొట్టు ముందుకు చేరడం వేరు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లనే సగం హాల్టింగ్ తగాదాలు పుడతాయి.

ఇక బాకీ కిరాయి 12,800. దాన్ని మీరై మీరు ఆపేస్తే, రేపు వారే ముందు మీ మీద ఫిర్యాదు చేయగలరు. మీకు రావలసిన 60,000 నుంచి బాకీ కిరాయి, హాల్టింగ్ కలిపి 20,300 మినహాయించి, మిగిలిన 39,700 రూపాయలు వారు మీకు ఇచ్చేట్టు రాతపూర్వకంగా ఒప్పందం ప్రతిపాదించండి. వారు ఒప్పుకోకపోతే వెంటనే కోర్టుకు పరుగెత్తనక్కరలేదు. సరుకు రవాణా కూడా ప్రజావసర సేవల కిందికి వస్తుంది కాబట్టి, అలాంటి సేవల తగాదాల కోసం ఏర్పాటైన శాశ్వత లోక్ అదాలత్‌కు వెళ్లవచ్చు. కోర్టు ఫీజు ఉండదు. ముందు రాజీకి ప్రయత్నిస్తారు, కుదరకపోతే తీర్పు కూడా ఇవ్వగలరు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయంలో అడిగితే దరఖాస్తు తీరు చెబుతారు. ఈ దారి ఉందని తెలియక ఎంతోమంది వ్యాపారులు యాభై వేలు, అరవై వేలు వదిలేసుకుంటున్నారు. ఒక హెచ్చరిక కూడా: ‘మేము బ్రోకర్లం, లారీ ఓనరును అడగండి’ అని వారు అనవచ్చు. ఎల్‌ఆర్ ఎవరి పేరున ఉందో వారే మీకు జవాబుదారులు. పైన చెప్పిన 2007 నాటి రవాణా చట్టం కింద వారి రిజిస్ట్రేషన్ నంబరు అడిగి రాసుకోండి.

బీమా గురించి అందరూ పడే పొరపాటు ఏమిటంటే, లారీకి బీమా ఉంటే సరుకుకూ ఉన్నట్టే అనుకోవడం. లారీ బీమా లారీకే. సరుకుకు విడిగా ట్రాన్సిట్ పాలసీ తీసుకోవాలి. రోడ్డు మీద వెళ్లే సరుకైనా దాన్ని ‘మెరైన్’ పాలసీ అనే పిలుస్తారు. అందులో ఎ, బి, సి అని మూడు తరగతులుంటాయి. సి తరగతికి ప్రీమియం తక్కువ, కానీ అది నిప్పు, పిడుగులకే పరిమితం. బి తరగతిలో లారీ గుద్దుకోవడం, బోల్తాపడడం వంటివి చేరతాయి. వాన తడుపు, దొంగతనం, టిక్కీల లోటు కావాలంటే ఎ తరగతే తీసుకోవాలి. దానిలోనూ సహజమైన తూకం తరుగు, సరుకు స్వభావం వల్ల వచ్చే చెడుగు, ఆలస్యం వల్ల నష్టం ఉండవు కనుక కోల్డ్ స్టోరేజీ చెమటకు ఏ పాలసీ అండా దొరకదనే అనుకోండి. లోడు లోడుకూ తీసుకోకుండా ఏడాదికి ఒక ఓపెన్ పాలసీ తీసుకుంటే మీకు సులువు. నష్టం జరిగినప్పుడు రవాణాదారుకు నోటీసు ఇవ్వకపోతే బీమా సంస్థ కూడా చెల్లింపుకు అడ్డు చెబుతుందని గుర్తుంచుకోండి.

సొంత లారీ వద్దని నా అభిప్రాయం. మీ సరుకు బరువంతా నాలుగైదు నెలల సీజనులోనే ఉంటుంది, లారీకి మాత్రం పన్నెండు నెలలూ వాయిదా ఉంటుంది. కోల్‌కతాలో తిరుగు లోడు దొరకక ఖాళీగా వస్తే ఆ డీజిలంతా మీ మిర్చి లాభం మీదే పడుతుంది. పర్మిట్, ఫిట్‌నెస్, టైర్లు, డ్రైవరు మానివేయడం అన్నీ మీ నెత్తికి వస్తాయి. ఇవన్నీ అటుంచి, బరంపురం దగ్గర మీ లారీయే చెడిపోతే, మీ టార్పాలినే కారితే, అప్పుడు మీరు అడగడానికి ఎదుట ఎవరూ ఉండరు. సొంత లారీ కొనేవారిలో మరో ప్రమాదం కూడా చూశాను: ఖర్చు రాబట్టుకోవాలని ఎక్కువ ఎక్కించడం. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తరువాత అధిక లోడుకు 20,000 రూపాయలు, ఆపైన ప్రతి టన్నుకు మరో 2,000 జరిమానా, అదనపు సరుకును అక్కడే దించాలి కూడా.

రైలు సంగతి మీరు అడగలేదు గానీ, మీ వ్యాపారానికి సంబంధించినది కనుక చెబుతున్నాను. 2020 జూలైలో గుంటూరు దగ్గరి రెడ్డిపాలెం నుంచి 16 పార్శిల్ వ్యాగన్లలో దాదాపు 384 టన్నుల ఎండుమిర్చి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు వెళ్లింది. అప్పట్లో టన్నుకు రోడ్డు మీద 7,000 రూపాయలు అవుతుండగా రైలులో 4,608 పడిందని రైల్వే ప్రకటించింది. మీ 16 టన్నులకు ఒక రైలు కదలదు. యార్డులో మీలాంటి వ్యాపారులు ఇరవై మందికి పైగా ఒకే వారంలో ఒకే దిక్కుకు పంపేలా కలిసిరాగలిగితే మాత్రం మూసిన వ్యాగనులో వాన బెడద, లారీ మార్పిడి రెండూ తప్పుతాయి. వచ్చే సీజను మొదలు కాకముందే అసోసియేషన్‌లో ఈ మాట కదపండి.

ఈలోగా నోటీసు రాసుకుని, పంపేముందు ఎల్‌ఆర్ జిరాక్సుతో కలిపి నాకు చేర్చండి. మీ ఉత్తరంలో బుకింగ్ తేదీ మాత్రం రాయలేదు. ఎల్‌ఆర్ చూస్తే 180 రోజుల్లో ఎన్ని మిగిలాయో, అంకెలు ఎక్కడైనా తేడాపడ్డాయో సరిచూసి, రెండు రోజుల్లో తిరిగి పంపుతాను.